ముత్యాల అరుకు

రావమ్మ ముందు పళ్ళు నాలుగూ పీకించి ఆ శనివారానికి తొమ్మిది రోజులు. ఏం పూసుకుంటే పంతొమ్మిదేళ్ళ పిల్ల పళ్ళు పాతగోడ సున్నంలా పెళ్ళలు పెళ్ళలుగా రాలాయో డాక్టరు సొలొమోను గారు మూడుసార్లు అడిగారు. అక్క చౌడేశ్వరి బతిమాలి అడిగింది, కసిరి అడిగింది. రావమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసిందే తప్ప పెదవి విప్పలేదు. అలాగే పామర్రు బస్సెక్కి అన్న దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది.

చౌడేశ్వరికి నిద్ర పట్టలేదు. భర్త టైఫాయిడ్‌తో పోయాక ఆమె నర్సు పని నేర్చుకుంది. బెజవాడ గవర్నరుపేటలో సొలొమోను గారి పళ్ళ ఆసుపత్రిలో చేరి మూడేళ్ళు కావస్తోంది. ఈ రెండు నెలల్లో రావమ్మ పళ్ళలాంటి పళ్ళే ఇంకో ఏడుగురి నోళ్ళలో చూసింది. ఆ ఏడుగురూ చెప్పిన పేరు ఒకటే, ముత్యాల అరుకు. బజారులో దొరికే పంటి మందు, బొటనవేలంత సీసా. మూడు రోజుల్లో పళ్ళు ముత్యాలవుతాయని దాని మీద అచ్చువేసి ఉంటుంది. చేసేదెవరో, ఏ ఊళ్ళో చేస్తున్నారో మాత్రం ఎక్కడా ఉండదు.

ఆ సంగతి తెలిసిన మనిషి శనివారం పొద్దున తనంతట తానే ఆసుపత్రి మెట్లెక్కి వచ్చాడు.

పేరు బసవయ్య. నలభై అయిదేళ్ళుంటాయి. ఊళ్ళో పొలం కౌలుకిచ్చి, యుద్ధం మొదలయ్యాక బెజవాడలో వ్యాపారాల్లో దిగిన ఆసామి. పట్టు లాల్చీ, చేతికి గడియారం, వేళ్ళ సందున ఆర్పిన చుట్ట. వచ్చే గురువారం స్టూడియోలో ఫొటో తీయించుకోవాలట, అదీ నవ్వుతూ. ఆ ఫొటో అట్టల మీద అచ్చువేసి జిల్లా అంతటా పంచుతారట. అందుకని ఈ అయిదు రోజుల్లో పళ్ళు తెల్లబరిచి పెట్టాలని, తొందరేమీ లేనట్టు తీరిగ్గా చెప్పి కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు.

చౌడేశ్వరి తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది. రోగుల నోళ్ళు ఆమెకు కొత్త కాదు. చుట్ట కంపు ఒక్కటే అయితే ఊపిరి బిగబట్టి ఓర్చుకునేది. దాని కింద ఇంకో కంపు ఉంది, చేపలు కడిగిన నీళ్ళు ఎండలో మురిగితే లేచే కంపు. కింది పళ్ళ లోపలివైపు గార గట్టిపడి, పాచిరంగు తిరిగి, పళ్ళకీ పళ్ళకీ సందు లేకుండా గట్టులా పేరుకుంది. డాక్టరు గారు చిగురు మీద వేలానించి మెల్లగా నొక్కితే చిగురుకూ పంటికీ నడుమ నుంచి పచ్చని చీము పొడుచుకొచ్చింది. కుడి దవడ పంటిలో కందిగింజ పట్టేంత పుచ్చు. ఆ పుచ్చులో నిన్నటి తమలపాకు తొడిమ. పై వరసలో ముందు పన్ను ఒకటి బొగ్గుముక్కలా నల్లబడి ఉంది. దాని పక్కదానికి బంగారు తొడుగు.

డాక్టరు గారు అద్దం తీసి పళ్ళెంలో పెట్టారు. పళ్ళు తెల్లబరచడం మొదటి పని కాదనీ, అన్నీ అయ్యాక చేసే ఆఖరి పని అనీ నెమ్మదిగా విడమరిచి చెప్పారు. ముందు గార గీకాలి. చీము పట్టిన చిగుళ్ళు మానాలి. పుచ్చుపంటిని బాగుచేయాలి, కాదంటే పీకాలి. ఇవేమీ చేయకుండా తెల్లబరిచే మందు పెడితే, ఆ మందు పుచ్చులోంచి నరం దాకా దిగి మనిషిని గోడలకు తల బాదుకునేలా చేస్తుంది. నల్లబడ్డ పన్ను సంగతి వేరు. అది ఎప్పుడో దెబ్బ తగిలి లోపల చచ్చిపోయిన పన్ను. పైపైన ఎంత రుద్దినా ఆ నలుపు పోదు. బంగారు తొడుగు ఎలాగూ బంగారం రంగులోనే ఉంటుంది. పైగా చుట్ట మానకపోతే తెల్లబరిచిన పళ్ళు మళ్ళీ ఏడాది తిరక్కుండా ఇదే రంగుకు వస్తాయి. మొత్తం మీద రెండు నెలల పని.

బసవయ్య నవ్వాడు. ఫొటో గురువారమే కదా అన్నాడు.

"ఇంకొక్క మాట అడగాలి," అన్నారు డాక్టరు గారు. తెల్లబరచమని వచ్చిన ప్రతివాళ్ళనూ ఆయన ఈ ప్రశ్న అడుగుతారు. "ఇంతకుముందు బజారు మందులేమన్నా రాశారా? పొడులు గానీ, ఆ ముత్యాల అరుకు గానీ? అవి రాసిన పళ్ళయితే పైపొర కరిగిపోయి ఉంటుంది. ఇక వాటి జోలికి నేనూ వెళ్ళకూడదు."

"భలేవారండీ," అన్నాడు బసవయ్య. "అది నేనెందుకు నోట్లో పెట్టుకుంటానండీ? అమ్మేది నేనే కదా."

ఆ మాట ఆయన సిగ్గుపడి అనలేదు, దాచుకోబోయి నోరు జారనూ లేదు. మా పొలంలో పండేది దొడ్డు బియ్యం, మేం మాత్రం సన్నబియ్యమే తింటాం అన్నంత మామూలుగా అన్నాడు. ఫొటో కూడా దానికోసమేనట. ఇన్నాళ్ళూ పేరు లేకుండా అమ్మిన సరుకు ఇకమీదట తన నవ్వుమొహంతో అమ్మబోతున్నాడట.

డాక్టరు గారు, ఆ అరుకు పూసుకున్నవాళ్ళ పళ్ళు ఇదే కుర్చీలో పీకాననీ, అందులో ఒక పిల్లకు ఇంకా ఇరవై నిండలేదనీ చెప్పారు. ఆ పిల్ల అక్క ఇక్కడే నిలబడి ఉందని మాత్రం చెప్పలేదు.

"జనానికి ఆత్రం ఎక్కువండి. ఒకసారి పూయమంటే నాలుగుసార్లు పూస్తారు. ఉప్పయినా మోతాదు మీరితే కూర పాడవదూ?" అని బసవయ్య చేతిగుడ్డతో మూతి తుడుచుకున్నాడు.

చౌడేశ్వరి ఉమ్మిపళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. రోగితో తనంతట తాను మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు. అయినా అడిగింది.

"దాన్ని కలిపేదెవరండీ?"

ఆయన ఆమె వైపు చూడకుండానే, ఆ పనితనం తనది కాదని ఒప్పుకున్నాడు. "పామర్రులో అద్దకం పాండురంగయ్య అని ఒకడున్నాడమ్మా. నూలు తెల్లబరచడంలో ఘటికుడు. నూలు దొరక్క షెడ్డు మూలపడితే నేనే చేరదీశాను. నూలుకు వాడే ఆసిడే, నీళ్ళు కలుపుతాడు, లవంగనూనె చుక్క వేస్తాడు. నూలు తెల్లబడగా లేంది పన్ను తెల్లబడదా అన్నాడు. వాడి తెలివే తెలివి."

పామర్రులో అద్దకం షెడ్డు ఉన్న పాండురంగయ్య ఒక్కడే. చౌడేశ్వరికి తోడబుట్టిన అన్న.

ఆమె చేతిలో పళ్ళెం కదిలి అంచు బసవయ్య గడ్డానికి తగిలింది. ఆయన విసుక్కున్నాడు. డాక్టరు గారు ఆమె మొహం వైపు ఒక్క చూపు చూసి మళ్ళీ పనిముట్లు అందుకున్నారు.

"బసవయ్య గారూ, మీ పళ్ళు నేను తెల్లబరచను. ఇవాళా చేయను, రెండు నెలలకైనా చేయను. కానీ మీ నోరు రోగంతో ఉంది. గార తీస్తాను, అది నా పని. ఆ తరువాత మీరు వేరే డాక్టరును చూసుకోండి," అన్నారు.

ఆ అరగంట చౌడేశ్వరి జన్మలో మరచిపోయేది కాదు. డాక్టరు గారు కొక్కెంతో గీకుతున్న కొద్దీ గార పెచ్చులు పెచ్చులుగా ఊడి పళ్ళెంలో టప్ టప్‌మని పడింది. నెత్తురు, చీము, తమలపాకు నార కలిసి తీగలు సాగే ఉమ్మి ఆమె బొటనవేలి మీదుగా కారింది. చెయ్యి వెనక్కి తీసుకునే వీలు లేదు. చెల్లెలి నోరు గుల్ల చేసిన మనిషి గడ్డం కింద పళ్ళెం పట్టి, ఆయన ఉమ్మేటప్పుడల్లా వెనక తలకు అరచెయ్యి ఆన్చి పట్టుకోవలసి వచ్చింది. నూనె రాసిన ఆ జుట్టు జిడ్డు అరచేతికి అంటింది. ఈయన మీద పుట్టిన రోత ఎంతటిదో, ఆ రోత ఈయన దగ్గరే ఆగక పామర్రు దాకా, తాను పుట్టిన ఇంటి దాకా పాకుతోంటే అంతకు పదింతలయింది.

ఆయన వెళ్ళాక పళ్ళెం కడిగింది. చేతులు సబ్బుతో నాలుగుసార్లు కడిగింది. తరువాత పెరట్లోకి వెళ్ళి పొద్దున తిన్నదంతా కక్కుకుంది.

తిరిగి వచ్చేసరికి డాక్టరు గారు చేతులు తుడుచుకుంటున్నారు. మీ అన్నగారేనా అని అడిగారు. ఆమె తలూపింది. సెలవు కావాలంది. "వెళ్ళు. కానీ అరిచి వచ్చేయకు. ఆ సీసాలు ఏ ఏ ఊళ్ళకు వెళ్ళాయో కనుక్కుని రా. పూసుకున్నవాళ్ళ పళ్ళు పూర్తిగా పోకముందే మనం చూడగలిగితే కొన్నయినా నిలుస్తాయి," అన్నారు.

బందరు రోడ్డు మీద పెట్రోలు కరువుకు వచ్చిన బొగ్గు బస్సు ఆయాసపడుతూ నడిచింది. ఉయ్యూరు దగ్గర ఆగిపోతే డ్రైవరు దిగి బొగ్గుల పొయ్యి ఎగదోసుకున్నాడు. పక్క సీటు ముసలమ్మ అరటిపండు ఇస్తే చౌడేశ్వరి వద్దంది. నోట్లో ఏం పెట్టుకున్నా ఆ కంపే తగిలేటట్టుంది.

ఒకటొకటిగా గుర్తుకొచ్చాయి. మొదట్లో నూలు రావడం లేదని, మగ్గాలన్నీ ఖాళీగా ఉన్నాయని అన్న ఉత్తరాలు రాసేవాడు. ఆ తరువాత ఆ మాట రాయడం మానేశాడు. దసరాకు ఆమెకు కొత్త చీర పంపాడు. బస్తా బియ్యం పంపాడు. పాపం, తన బిడ్డలను మాడ్చి విధవ చెల్లెలికి పంపుతున్నాడని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పొద్దున వండుకున్నది ఆ బియ్యమే. ఇప్పుడు కట్టుకున్నది ఆ చీరే. చీర ఒంటికి తగిలిన చోటల్లా దురద పుట్టినట్టయింది. విప్పి అవతల పారేయడానికి బస్సులో వీలు లేదు కాబట్టి కట్టుకుని కూర్చుంది, అంతే.

పామర్రులో దిగేసరికి పొద్దు నడినెత్తి దాటి జాము కావస్తోంది. ఇల్లు చేరి, పెరటి దారినే వెళ్ళింది. అద్దకం షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. బయటికే వాసన కొడుతోంది. చిన్నప్పుడు నాన్న నూలు తెల్లబరిచే రోజుల్లో వచ్చే ఘాటు, దాని పైన లవంగనూనె తీపి. ఒకప్పుడు ఆ ఘాటుకు ఆమె ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు గొంతులో పుండు మీద వేలు పెట్టినట్టుంది.

తలుపు తోసింది.

నీలిమందు బానలన్నీ బోర్లించి ఉన్నాయి. నడుమ చాప మీద సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి, వందల కొద్దీ. వాటి ముందు కూర్చుని జాడీలోంచి గరాటుతో అరుకు పోస్తున్నది రావమ్మ. నోటికి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది. గోడవారన పాండురంగయ్య మూతలకు మైనం పెడుతున్నాడు. ఆయన చేతులు ఇదివరకు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. ఇప్పుడు వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, తోలు లేచి, ఉడకబెట్టిన దుంపల్లా ఉన్నాయి.

అక్కను చూడగానే రావమ్మ గరాటు కింద పెట్టేసింది.

చౌడేశ్వరి ఒక సీసా తీసింది. ఇది ఏమిటని అడగలేదు. బసవయ్య ఆసుపత్రికి వచ్చాడనీ, ఎవరు కలుపుతారో ఆయనే చెప్పాడనీ, ఆయన మాత్రం ఈ అరుకును తన పంటికి తాకనివ్వనన్నాడనీ చెప్పింది. పాండురంగయ్య మైనం ముద్దను చేతిలో నలుపుతూ విన్నాడు. తరువాత నెమ్మదిగా లెక్కలు చెప్పుకొచ్చాడు. నూలు పది నెలల నుంచి లేదు. బానలో నీలిమందు ఎండిపోయింది. తన వెనక పది నోళ్ళున్నాయి. ఒకటికి ఆరు పాళ్ళు నీళ్ళు కలిపాక ఇందులో ఇంకేముంది, పుల్లనీళ్ళు. చింతపండుతో ఇత్తడి తోమితే ఇత్తడి అరిగిపోతుందా?

"రావమ్మ పళ్ళు అరిగిపోయాయి కదన్నయ్యా," అంది చౌడేశ్వరి.

జవాబు రావమ్మ చెప్పింది. ముందు పళ్ళు లేక మాట నాలుక మీదనే చీలి, సగం గాలి, సగం మాటగా వచ్చింది. గుడ్డ విప్పకుండానే చెప్పింది. మొట్టమొదట కలిపినప్పుడు దాన్ని పూసి చూడడానికి ఎవరో ఒకరు కావాలి. నా పళ్ళు పసుపుపచ్చగా ఉంటాయని నాకు సిగ్గు కదా, నేనే పూసుకుంటానన్నాను. మూడు రోజులకు కొబ్బరిముక్కల్లా అయ్యాయి. వీధిలో ఆడవాళ్ళందరూ నవ్వించి మరీ చూశారు. బసవయ్య గారు వచ్చి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి, సరుకు బాగుందన్నాడు. నెల తిరిగేసరికి చన్నీళ్ళు తగిలితే ప్రాణం పోయేది. అప్పుడు అన్నయ్య లవంగనూనె ఎక్కువ వేయడం మొదలుపెట్టాడు, నొప్పి తెలియకుండా.

"నొప్పి తెలియకుండా," అని చౌడేశ్వరి ఆ మాటనే మళ్ళీ అంది. అంటే అన్నకు తెలుసు. పళ్ళు పాడవుతాయని తెలిసే, ఆ పాడు బయటపడకుండా మందు వేశాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా తన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అన్న. ఆమె ఆయన చేతుల వంక చూసింది, ఆ తెల్లటి వేళ్ళ వంక. ఆ వేళ్ళు ముట్టుకున్నది ఏదైనా ఇక తన నోటికి పోదనుకుంది.

"అంతమంది అడుగుతున్నా ఎందుకు చెప్పలేదే?" అని రావమ్మనడిగింది.

"చెబితే నువ్వు ఇంక ఈ ఇంటికి రావు కదక్కా," అంది రావమ్మ.

జాడీలోంచి చాప మీదికి కారిన అరుకు చాప పోగులను తెల్లగా తినేస్తోంది. చౌడేశ్వరి వంగి, జాడీ అంచు పట్టుకుని, పెరట్లో బూడిదగుంట దాకా ఈడ్చుకుపోయి బోర్లించింది. బూడిద బుసబుస పొంగింది. పాండురంగయ్య లేచాడు గానీ అడ్డం రాలేదు. తరువాత సీసాలు. ఒకటొకటే మూత విరిచి గుంటలో వంచుతోంటే రావమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుని వంచడం మొదలుపెట్టింది. ఇవన్నీ పారబోస్తే సోమవారం సరుకు కోసం బసవయ్య మనిషి వస్తాడు, వాడికేం చెప్పమంటావని అన్న వెనకనుంచి అడిగాడు. ఆమె తిరిగి చూడలేదు.

"ఏ ఏ ఊళ్ళకు పోయాయో చెప్పన్నయ్యా. నాకు అదొక్కటే కావాలి."

బెజవాడకు వెళ్ళినవి బసవయ్య గారికే తెలుసన్నాడు. ఈ చుట్టుపక్కల ఊళ్ళకు మాత్రం తానే స్వయంగా సైకిలు మీద తీసుకెళ్ళి ఇచ్చానన్నాడు. నాలుగూళ్ళ పేర్లు చెప్పాడు. అయిదో ఊరి పేరు దగ్గర ఆగిపోయి, వీధి తలుపు వైపు చూశాడు.

ఎవరో పిలుస్తున్నారు. పెద్దమనిషి గొంతు, అలసిన గొంతు. చౌడేశ్వరి బూడిద చేతులతోనే ఇంట్లోంచి వీధి అరుగు మీదికి వచ్చింది. మోకాళ్ళ దాకా దుమ్ము పట్టిన రైతు నిలబడి ఉన్నాడు. పక్కన పదిహేనేళ్ళ పిల్ల, నోటి చుట్టూ తువ్వాలు చుట్టుకుని ఉంది. తువ్వాలు ముందుభాగం తడిసి, మరక పట్టి ఉంది.

"బెజవాడ పళ్ళ డాక్టరు దగ్గర నర్సు చేసే చెల్లెలమ్మ మీరేనా అమ్మా?" అని ఆయన చేతులు జోడించాడు. ఆమె అవునంది. ఆయన మొహంలో కొంత ధైర్యం వచ్చింది. "నా పేరు వీరభద్రయ్య. మీరు ఇక్కడే ఉండడం మా అదృష్టం. మీ మందే కదా ఇది. మీరు వాడి చూసి, డాక్టరు గారు కూడా మంచిదన్నారని మీ అన్నగారు చెప్పాకే మేం కొన్నాం. లేకపోతే బజారు సరుకు పిల్ల నోట్లో పెట్టనిస్తామా? ఎక్కడో పొరపాటు పడ్డాం, ఎలా పూయాలో సరిగ్గా తెలియక. మీరు చెబితే సర్దుకుంటుంది."

చౌడేశ్వరి వెనక్కి తిరిగింది. గడపలో పాండురంగయ్య నిలబడి ఉన్నాడు. ఆయన చెల్లెలి మొహం చూడకుండా తలుపు గొళ్ళెం వంక చూస్తున్నాడు. ఆ ఒక్క చూపుతో ఆమెకు అంతా అర్థమైంది. బసవయ్య నవ్వు ఇంకా అచ్చు కానే లేదు. ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళల్లో అరుకు అమ్ముడుపోయింది తన పేరు మీద.

ఆ పిల్ల తువ్వాలు విప్పింది. చౌడేశ్వరి చూసింది, చూసి కళ్ళు మూసుకోకుండా నిలబడింది.

"ఇదొక్కతే కాదమ్మా," అన్నాడు వీరభద్రయ్య. "మా ఊరి బడి పిల్లలు. బండిలో ఇంకా పదకొండు మంది ఉన్నారు."